నూనె సీసాకు ఏ రంగు త్రికోణం?

పురుగుమందు డబ్బా కొన్న ప్రతి రైతుకూ ఆ గుర్తు తెలుసు. లేబుల్ మీద మొన మీద నిలబెట్టిన చదరం, దాని కింది సగం త్రికోణంలో ఒక రంగు. ఎరుపైతే అతి తీవ్ర విషం, పైన పుర్రె బొమ్మ. తరువాతి మెట్లు పసుపు, నీలం, ఆకుపచ్చ. 1971 నాటి క్రిమిసంహారక నిబంధనలు ఈ రంగులను ఒక లెక్క ప్రకారం పంచాయి. పరీక్షకు పెట్టిన ఎలుకల్లో సగం చావాలంటే, కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు వాటి నోట్లోకి పోవాలన్నదే ఆ లెక్క. 50 లోపైతే ఎరుపు, 500 లోపు పసుపు, 5000 లోపు నీలం, అది దాటితే ఆకుపచ్చ. అంకె చిన్నదైన కొద్దీ విషం పెద్దది.

లవంగ నూనె, నీలగిరి తైలం, నిమ్మగడ్డి నూనె సీసాల మీద ఈ గుర్తు ఉండదు. అవి మందుల షాపులోనో, పరిమళాల కొట్లోనో దొరికే సరుకు కాబట్టి చట్టం దాన్ని అడగదు. ఇప్పుడు అవే నూనెలను రసాయన పురుగుమందులకు బదులుగా వాడమంటున్నారు. అలాంటప్పుడు అదే కొలబద్ద వాటికీ పెట్టి చూడడం న్యాయం.

మోనోక్రోటోఫాస్‌కు ఈ అంకె 20 లోపే, ఎరుపు. క్లోర్‌పైరిఫాస్‌కు 150 దరిదాపు, పసుపు. ఇక నూనెల్లోని అసలు పదార్థాలు. వాము పువ్వు, అంటే థైమాల్, 980. లవంగంలోని యూజెనాల్ రెండు వేల పైచిలుకు. నీలగిరిలోని సినియోల్ 2480. మూడూ నీలమే. పుదీనా కుటుంబంలోని పెన్నీరాయల్ అనే మొక్క నూనెలో పులెగోన్ ఉంటుంది. దాని అంకె 470, కాబట్టి అది పసుపులోకి వస్తుంది. ఇంతకాలం చేలల్లో కొట్టిన మలాథియాన్ కూడా సాధారణంగా నీలంలోనే ఉంటుంది, బాగా శుద్ధి చేసినదైతే ఆకుపచ్చ గీతను దాటుతుంది. పడగ్గదిలో ప్లగ్గుకు పెట్టే దోమల బుడ్డిలోని ట్రాన్స్‌ఫ్లూత్రిన్ 5000 పైన, ఆకుపచ్చలో ఉంది. ఎలుక లెక్క ప్రకారం వాము పువ్వు మలాథియాన్‌కు సాటి, దోమల బుడ్డి కంటే ఒక మెట్టు ఎక్కువ విషం!

ఈ లెక్కను చూసి నూనెలను కొట్టిపారేయడం తొందరపాటు. ఆ రంగు చెప్పేది ఒకే సంగతి: ఒక్కసారిగా మింగితే ఏమవుతుందని. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పీలిస్తే, ఒంటికి రాసుకుంటే, అన్నంలో తింటే ఏమవుతుందో అది చెప్పదు. చేపకు, తేనెటీగకు, పిల్లికి ఏమవుతుందో అంతకన్నా చెప్పదు. రసాయనాల విషయంలో ఈ మిగతా ప్రశ్నలకు ఏదో ఒక జవాబు దొరుకుతుంది, ఎందుకంటే వాటి నేర చరిత్ర దశాబ్దాలుగా ఫైళ్లలో పేరుకుపోయి ఉంది. నూనెల ఫైలు పలచన. ఆ పలచని ఫైలునే సత్ప్రవర్తన సర్టిఫికెట్‌గా చలామణి చేయడం మీదే నా అభ్యంతరం.

మొదట ఒక చిక్కుముడి విప్పాలి. ఇక్కడ మాట్లాడుతున్నది సుగంధ తైలాల గురించి, అంటే ఆకునో పువ్వునో బెరడునో ఆవిరి పట్టి తీసే, గాలికి ఎగిరిపోయే నూనెల గురించి. వేపనూనె ఈ కోవలోకి రాదు. అది గింజను పిండి తీసిన జిడ్డు నూనె. అందులోని అజాడిరాక్టిన్ అంకె 5000 పైనే. వేపకు వచ్చిన మంచిపేరును లవంగం, నీలగిరి, కర్పూరాల ఖాతాలో వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది.

నూనెల పక్షాన బలమైన వాదన లేదని కాదు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల్లో ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమును పట్టి ఆపేస్తాయి. ఆ ఎంజైము పురుగులో ఎంతో మనిషిలోనూ అంతే అవసరం. 2013లో బీహార్ సారణ్ జిల్లాలో బడి భోజనంలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయింది అందుకే. చాలా సుగంధ తైలాలు మాత్రం పురుగుల్లోని ఆక్టోపమైన్ అనే నాడీ రసాయన వ్యవస్థను దెబ్బతీస్తాయి. వెన్నెముక ఉన్న జీవుల్లో దానికి అలాంటి పాత్ర లేదు. ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే శాస్త్రవేత్త, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ముర్రే ఇస్మన్, ట్రౌట్ చేపపిల్లల మీద జరిగిన పరీక్షను తన సమీక్షలో ఎత్తి చూపారు. అజిన్‌ఫాస్‌మిథైల్ అనే ఆర్గానోఫాస్ఫేట్‌తో పోలిస్తే యూజెనాల్ వాటికి దాదాపు 15,000 రెట్లు తక్కువ విషం. చామంతి జాతి పువ్వుల నుంచి వచ్చే పైరెత్రం కూడా మొక్క మందే, దానితో పోల్చినా 1500 రెట్లు తక్కువ. చెరువుల పక్కన పొలాలున్న కొల్లేరు ప్రాంతంలో ఈ తేడా చిన్నది కాదు.

కానీ ఆక్టోపమైన్ కథ సగమే. ధవనం, మాచిపత్రి జాతి మొక్కల నూనెల్లో కనిపించే థూజోన్ మెదడులోని గాబా గ్రాహకాలను అడ్డుకుని మూర్ఛ తెప్పిస్తుంది. ఆ గ్రాహకాలు పురుగులోనూ ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. కర్పూరం ఒంట్లోకి పోతే ఫిట్స్ రావడం వైద్యులకు పాత సంగతి. ‘పురుగుకే విషం, మనిషికి కాదు’ అన్నది కొన్ని నూనెల్లోని కొన్ని పదార్థాలకే వర్తిస్తుంది, మొత్తం జాతికి కాదు.

పడగ్గదిలోకి వద్దాం. ప్లగ్గు బుడ్డిలో పట్టేది దాదాపు 45 మిల్లీలీటర్లు. 1.6 శాతం బుడ్డి అయితే అందులో ట్రాన్స్‌ఫ్లూత్రిన్ ముప్పావు గ్రాముకు కాస్త తక్కువ, మిగతాది ప్రధానంగా వాసన తీసిన కిరసనాయిలు. పసిబిడ్డ ఆ బుడ్డి ఎత్తి తాగితే డాక్టరు ముందు భయపడేది కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి పోయిందేమోనని. అదే గదిలో గూట్లో జలుబు కోసం ఉంచిన నీలగిరి తైలం సీసాలో ద్రావకం ఏమీ కలపరు, ఉన్నదంతా తైలమే. చెంచాడు, అంటే ఐదు మిల్లీలీటర్లు, చిన్నపిల్లల కడుపులోకి పోతే స్పృహ తప్పి ఫిట్స్ రావచ్చు. కర్పూరమైతే ఒక్క గ్రాము పసివాళ్ల ప్రాణం తీయగలదు. అందుకే 1980లలో అమెరికా కర్పూర నూనె అమ్మకం ఆపించి, పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని కట్టడి పెట్టింది. మన ఇళ్లలో హారతి కర్పూరం దేవుడి గూట్లో, పిల్లలకు అందే ఎత్తులో, తెల్లటి చక్కెర బిళ్లల్లా ఉంటుంది. పైగా ఆ హారతి బిళ్ల చాలావరకు టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారైనదే. దాన్ని వేపనూనె దీపంలో వేసి ‘కెమికల్ లేని దోమల మందు’ అంటున్నాం.

మింగడం సరే, పీల్చడం సంగతేమిటి? దోమల బత్తి గురించి 2003లో వచ్చిన ఒక అధ్యయనం చైనా, మలేసియా బత్తులను కాల్చి చూసింది. ఒక్క బత్తి నుంచి వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని తేలింది. ఈ లెక్క వినగానే మనకు ‘హెర్బల్’ అగరుబత్తి గుర్తుకొస్తుంది. కానీ ఆ ధూళి పురుగుమందు వల్ల రాలేదు, కాలుతున్న రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి వల్ల వచ్చింది. లోపల పైరెత్రాయిడ్ రసాయనం ఉన్నా, సిట్రొనెల్లా నూనె ఉన్నా పొగ పొగే. ఇక్కడ పోల్చాల్సింది రెండు విషాలను కాదు, కాల్చడాన్నీ కాల్చకపోవడాన్నీ. దోమతెర ఈ రెండింటికీ అవతల ఉంది.

ఒంటికి రాసుకునే వాటిలో పోలిక ఇంకా సూటిగా ఉంటుంది. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరీక్షలో దాదాపు 24 శాతం డీట్ అనే రసాయనం ఉన్న మందు సగటున ఐదు గంటలు దోమను ఆపింది. నిమ్మ నీలగిరి మందు రెండు గంటలు. సిట్రొనెల్లా మందులు ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు. ఐదు గంటల రక్షణ కావాలంటే సిట్రొనెల్లాను పదిహేనుసార్లకు పైగా రాసుకోవాలి. అన్నిసార్లు రాసుకునే మనిషి చర్మం ఎంత పీల్చుకుంటుందో సీసా మీద ఉండదు. నిలవ ఉన్న టీట్రీ నూనె, నారింజ తొక్క నూనె గాలి తగిలి పాడై చర్మానికి దద్దుర్లు తెప్పించే పదార్థాలుగా మారతాయన్నది మరో సంగతి. డెంగీ, మలేరియా ఉన్న ఊళ్లో ఇరవై నిమిషాల మందును నమ్ముకోవడం కూడా భద్రత లెక్కలోకే వస్తుంది. కుట్టే దోమ పేరు ఏ లేబుల్ మీదా ఉండదు మరి.

ఇక బియ్యం డబ్బా. నా దృష్టిలో అసలైన పరీక్ష ఇక్కడే జరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ రెండు పక్షాల వాదనలూ తలకిందులవుతాయి.

గోదాముల్లో ముక్క పురుగును, లక్క పురుగును చంపేది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల. మూడు గ్రాముల బిళ్లకు గాలిలోని తేమ తగిలితే ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దీనికి విరుగుడు లేదు. ప్రభుత్వ సంస్థలకు, శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లకే అమ్మాలని నిబంధన ఉన్నా, విడి బిళ్లలు ఇళ్లలోకి చేరుతూనే ఉన్నాయి. మూసిన గదిలో ధాన్యం బస్తాల కింద పెట్టి, పక్క గదిలో పడుకున్న కుటుంబాలు తెల్లారి లేవని వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆత్మహత్యలకు వాడే మందుల్లో ఇదీ ఒకటి. భయంకరమైనది, సందేహం లేదు. కానీ ఒక్క విషయం గమనించాలి. గోదామును సరిగా మూసి, గడువు పూర్తయ్యాక తెరిచి గాలి తోలితే ఫాస్ఫీన్ వెళ్లిపోతుంది. ధాన్యంలో మిగలగలిగేది కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. దాన్ని కొలవవచ్చు, పాటించవచ్చు, తప్పితే పట్టుకోవచ్చు.

దీనికి ఎదురుగా నిలబెట్టేది వస. పసివాళ్లకు మాటలు బాగా వస్తాయని సాన మీద అరగదీసి నాలుకకు రాసే వసకొమ్మే. బియ్యంలో, పెసల్లో రెండు కొమ్ములు వేసి ఉంచడం మన ఇళ్లలో పాత పద్ధతి. దాని నూనె పురుగుల మీద నిజంగానే పనిచేస్తుంది. జమ్ములోని ప్రాంతీయ పరిశోధనాశాల శాస్త్రవేత్తలు 1977లో నేచర్ పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించారు. వస నూనె నుంచి వాళ్లు వేరుచేసిన పదార్థం పురుగుల సంతానోత్పత్తిని అరికడుతోంది. అది బీటా అసరోన్. పురుగును చంపకుండా గొడ్రాలిని చేసే మందు అంటే గోదాముకు అంతకంటే ఏం కావాలి? పైగా మొక్క నుంచి వచ్చింది.

అయితే అంతకు పదేళ్ల ముందే, 1967లో, అమెరికాలో ఎలుకల మేతలో వస నూనె కలిపి పెట్టిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. చిన్నపేగుల్లో కణితులు లేచాయి. ఆ పరీక్షలో వాడింది జమ్ము రకం వస నూనే. మరుసటి ఏడాది, 1968లో, అక్కడి ఆహార, ఔషధ సంస్థ వసను తినుబండారాల్లో కలపడాన్ని నిషేధించింది. వసలో రకాలున్నాయి. ఉత్తర అమెరికాలో పెరిగేదానిలో బీటా అసరోన్ దాదాపు ఉండదు, యూరప్ రకంలో కొద్దిగా ఉంటుంది, మన దేశపు రకంలో నూనెలో అత్యధిక భాగం అదే. పురుగుకు మందుగా మన వస అంత గట్టిగా పనిచేయడానికీ, దాని మీద అంత అనుమానం ఉండడానికీ కారణం ఒకే అణువు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టండి. బిళ్ల ఈ రాత్రే చంపగలదు, రేపటి అన్నంలో దాదాపు మిగలదు. వస నూనె ఈ రాత్రి ఎవరినీ ఏమీ చేయదు, కానీ రాసిన గింజను అంటిపెట్టుకుని వంటింటి దాకా వస్తుంది. బిళ్ల బాధితుడు పోస్ట్‌మార్టం నివేదికలో కనిపిస్తాడు. వస నూనె వల్ల ఎవరికైనా హాని జరిగితే ఆ మనిషిని ఏ నివేదికలోనూ వెతికి పట్టుకోలేం. ‘సహజం కాబట్టి సురక్షితం’ అనేవాళ్లు మొదటి బాధితుడిని మాత్రమే లెక్కపెడుతున్నారు. ‘మోతాదే విషం’ అని రసాయనాలను వెనకేసుకొచ్చేవాళ్లు బిళ్లను గోదాము మేనేజర్ చేతిలోనే ఊహించుకుంటున్నారు, అది ఇంట్లో మంచం కింద ఉన్న సంగతి మరిచి.

బియ్యంలో వేసిన రెండు కొమ్ముల గురించి గాభరా పడనక్కర్లేదు. కొమ్ము వేరు, టన్నుల కొద్దీ కొమ్ములను వండి తీసిన నూనె వేరు. ఏరి తీసేస్తాం, బియ్యం కడుగుతాం. కొమ్ముకు వాడుక ఇచ్చిన పరువును నూనెకు అంటగట్టడమే తప్పు. మన అమ్మమ్మలు కందిపప్పుకు ఆముదం పట్టించేవాళ్లు. ఆ జిడ్డు పొర గింజ మీది పురుగు గుడ్డుకు ఊపిరాడనివ్వదు, అంతే. అందులో పరిమళమూ లేదు, నాడీ విషమూ లేదు. తైలాల ప్రచారంలో ఆముదం ఊసెత్తేవాళ్లు లేరు. సీసాకు వెయ్యి రూపాయలు పలకదు కదా!

పొలంలో మాత్రం నా మొగ్గు నూనెల వైపే, ముఖ్యంగా మందు కొట్టే కూలీ కోసం. 2017లో యవత్మాళ్ పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. ముక్కుకు గుడ్డ, కాళ్లకు చెప్పుల్లేవు, వీపున పంపు కారుతుంది, గాలి ఎదురు కొడుతుంది. ఆ ట్యాంకులో లవంగ నూనె ఉంటే కళ్లు మండేవి, చర్మం ఎర్రబడేది, ప్రాణం పోయేది కాదు. 36 శాతం మోనోక్రోటోఫాస్‌ను దశలవారీగా ఆపాలని కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఖాళీలోకి రావడానికి నూనెలకు అర్హత ఉంది.

అర్హత ఉన్నా అవి నిలబడతాయా అన్నది వేరే మాట. 2021 తరువాత మిర్చి పూతను ఎండగట్టిన నల్ల తామర పురుగు మీద గంటల్లో ఎగిరిపోయే నూనె ఎన్నిసార్లు కొట్టాలి? మోతాదు పెంచితే ఆకు మాడుతుంది, ఆ గుణం వల్లే లవంగ నూనెను విదేశాల్లో సేంద్రియ రైతులు కలుపు మందుగా వాడుతున్నారు. పంట మీద పడితే అదే పని చేస్తుంది. నూనెతో విసిగిన రైతు వెళ్లేది ‘బయో’ సీసా దగ్గరికి. ఆ మార్కెట్లో కొన్ని సీసాల్లో మొక్కల రసం పేరిట కలిపింది చవక రసాయనమే. గుంటూరు, ఖమ్మం మిర్చి రైతుల్ని అడిగితే చెబుతారు: ఏ బయో మందు మరీ అద్భుతంగా పనిచేస్తే దాన్నే అనుమానించాలని. ఆ సీసాలో నిజంగా ఏముందో తెలియక, చేతి తొడుగులు కూడా లేకుండా కొట్టే మనిషి రెండు పక్షాల చేతిలోనూ మోసపోయినవాడు.

సహజ వ్యవసాయం పట్ల అభిమానం ఉన్నవాళ్లకు ఇంకో మాట నచ్చదు. అగ్నిఅస్త్రం కషాయంలో వేప, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు ఉంటుంది. పొగాకులోని నికోటిన్ సుగంధ తైలం కాదు గానీ మొక్క విషమే, ఎలుక లెక్కలో దాని అంకె 50 దగ్గర, ఎరుపు గీత మీద ఉంది. నికోటిన్ సల్ఫేట్‌ను పురుగుమందుగా వాడడం మన దేశంలో నిషిద్ధం. కషాయంలో అది నీళ్లపాళ్లుగా ఉంటుంది కాబట్టి పెద్ద ముప్పు కాకపోవచ్చు. కానీ బకెట్‌లో చేయి పెట్టి కలిపే ఆడకూలీకి ఆ సంగతి ఎవరైనా చెప్పారా?

పిల్లుల గురించి క్లుప్తంగా. వాటి కాలేయంలో కొన్ని పదార్థాలను విడగొట్టి బయటికి పంపే శక్తి తక్కువ. అందుకే కుక్క తట్టుకునే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లిని చంపుతుంది. టీట్రీ నూనె కూడా అంతే. ‘సహజ’ గోమారి మందులు వాడిన 39 పిల్లులు, 9 కుక్కల కేసులను 2012లో అమెరికా పశువైద్యులు పరిశీలిస్తే, పదిలో తొమ్మిదింటికి పైగా వణుకో, చొంగ కారడమో, నీరసమో కనిపించింది.

ఆ మందులు మార్కెట్లోకి పరీక్ష లేకుండా వచ్చిన దారి గురించి చెప్పుకోవాలి. 1996లో అమెరికా పర్యావరణ సంస్థ కొన్ని పదార్థాలను ‘కనీస ముప్పు’ జాబితాలో పెట్టి రిజిస్ట్రేషన్ నుంచి మినహాయించింది. లవంగం, దాల్చిన, సిట్రొనెల్లా, నిమ్మగడ్డి, పుదీనా, రోజ్‌మేరీ నూనెలు అందులో ఉన్నాయి. తిండిలో వాడేవే కదా అన్నది వాదన. తిండిలో చిటికెడు దాల్చిన చెక్కకూ, పిల్లి వీపు మీద పోసిన దాల్చిన నూనెకూ తేడా ఆ జాబితా గుర్తించలేదు. మన 1968 నాటి క్రిమిసంహారక చట్టం ఈ విషయంలో కఠినం, పురుగును చంపుతుందని చెప్పి అమ్మితే రిజిస్టర్ చేయాల్సిందే. అందుకే మన దగ్గర అమ్మేవాళ్లు పురుగు మాటే ఎత్తకుండా ‘మొక్క బలానికి’ అని రాసుకున్నారు. 2021లో బయో స్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చాక ఆ సందు కొంత ఇరుకైంది. అమెరికాలో మినహాయించి వదిలేశారు, ఇక్కడ నిబంధన పెట్టి చూడడం మానేశారు. వాడేవాడికి రెండుచోట్లా దక్కింది ఒకటే, సమాచారం లేని సీసా.

నూనె, రసాయనం రెండూ ఒకే చెట్టు మీద కలిసి పనిచేసే చోటు ఒకటుంది. నూజివీడు, జగిత్యాల, కొల్లాపూర్ మామిడి తోటల్లో పండు ఈగకు వేలాడదీసే ఎరలు చూసే ఉంటారు. ప్లాస్టిక్ డబ్బాలో చిన్న ప్లైవుడ్ ముక్క. దాన్ని ఆల్కహాల్, మిథైల్ యూజెనాల్, మలాథియాన్ ఆరు, నాలుగు, ఒకటి పాళ్లలో కలిపిన ద్రావణంలో నానబెడతారు. మిథైల్ యూజెనాల్ తులసి నూనెలో ఉండేదే. మగ ఈగలు దాని వాసనకు వచ్చి మలాథియాన్ తగిలి చస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మలాథియాన్‌ను 2015లో ‘బహుశా మనిషికి క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది. మిథైల్ యూజెనాల్‌ను 2023లో అదే వర్గంలో చేర్చింది. తులసి నుంచి వచ్చేదీ, ఫ్యాక్టరీ నుంచి వచ్చేదీ ఒకే అరలో ఉన్నాయి. అయినా ఆ డబ్బా కింద కాసిన మామిడి పండును నేను అనుమానం లేకుండా తింటాను, ఎందుకంటే రెండింటిలో ఏదీ ఆకును గానీ, కాయను గానీ ముట్టదు. ముప్పు మిగిలేది ఆ ముక్కలు నానబెట్టే మనిషికే. ఆయనకు రబ్బరు తొడుగులు కావాలి, తులసి వాసన వచ్చే సీసా మూత తీసేటప్పుడు కూడా.